ముత్తాత విస్తట్లో కర్రపెండలం

పెద్దల అమావాస్యనాడు మా ఇంట్లో ఎవరూ కుదురుగా కూచోరు. కూచోవడానికి సోఫా ఉంది, కుర్చీలున్నాయి, నానమ్మకి ప్రత్యేకంగా ఒక ప్లాస్టిక్ స్టూలు కూడా ఉంది. అయినా అందరం నిలబడే ఉంటాం, లేకపోతే గదుల్లో అటూ ఇటూ తిరుగుతుంటాం. ఇదంతా భక్తి అనుకునేరు. ఆకలి. ఆరోజు చనిపోయినవాళ్ళు తినేదాకా బతికున్నవాళ్ళు తినకూడదు. చనిపోయినవాళ్ళకి తొందరేముంటుంది?

మేముండేది మలేషియాలో, ఇపో అనే ఊళ్ళో, ఒకదాని వీపు ఒకటి ఆనుకున్న ఇళ్ళ వరసలో. మా ముత్తాత ఉండింది మాత్రం రబ్బరు ఎస్టేటులో. సిక్కోలు వైపు నుంచి ఓడెక్కి వచ్చి, దొరల కింద రబ్బరు చెట్లు గీసి, ఆ కూలి లైన్లలోనే కన్ను మూశాడు. "మన పెద్దలు ఓడ దిగినప్పుడు చేతిలో ఏం తెచ్చుకున్నారు?" అని తెలుగు సంఘం మీటింగుల్లో మా నాన్న మైకు పట్టుకుని అడుగుతాడు. ఎవరూ చెప్పరు కాబట్టి తనే చెబుతాడు: "మన భాష! మన సంస్కృతి!" నానమ్మని అడిగితే ఒక ఇత్తడి చెంబూ, గజ్జీ అంటుంది.

ఏటా ఆరోజు మూడు అరిటాకులు వేస్తాం. ఒకటి ముత్తాతకి, ఒకటి ముత్తవ్వకి, ఒకటి మా తాతకి. బతికున్నప్పుడు ఎవరికేది ఇష్టమో అదే వాళ్ళ ఆకులో పడాలి. తాతకి డబ్బా సార్డిన్ చేపల పులుసు. ముత్తవ్వకి చుట్ట. ఈ ఊళ్ళో చుట్టలు దొరకవు గనుక సిగరెట్టు పెడతాం. పెట్టె మీద కుళ్ళిపోయిన ఊపిరితిత్తుల బొమ్మ ఉంటుంది. ఆ హెచ్చరిక ఆవిడకి కాస్త ఆలస్యంగా అందింది.

ముత్తాతకి ఉబి. ఉబి అంటే కర్రపెండలం. మలాయి మాట. దాని తెలుగు పేరు నాకు మొన్నమొన్నటిదాకా తెలీదు. హైదరాబాదు నుంచి వచ్చి మా ఆఫీసులో చేరిన అమ్మాయి చెబితే తెలిసింది. ఆ పేరు ఇంటికి తెచ్చి చెబితే నానమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఉబిని ఉబి అనలేవేటి?" అంది.

నానమ్మ ఉబి చేసే పద్ధతి చెబుతాను, ఎందుకంటే మిగతా గొడవంతా దాని మీదే నడుస్తుంది. తొక్క తీసి, ముక్కలు కోసి, పసుపూ ఉప్పూ వేసి, ముక్క పగిలేదాకా ఉడకబెడుతుంది. నీళ్ళు వార్చి గరిటె వెనకతో ఒకసారి నొక్కుతుంది, మెత్తగా కాదు, విరిగీ విరగనట్టు. వేరే మూకుట్లో నూనె కాచి, ఎండుమిరపకాయలు, ఆవాలు, వెల్లుల్లి, కరివేపాకు వేసి, అందులో నెత్తళ్ళు కరకరలాడేలా వేయిస్తుంది. నెత్తళ్ళంటే వేలెడంత ఎండు చేపలు. ఇక్కడ ఇకాన్ బిలిస్ అంటారు. ఓడ దిగిన రోజున మా వాళ్ళు గుర్తుపట్టిన ఏకైక ముఖం అదేనేమో. వాటిని ఉబి మీద కుమ్మరించి కలుపుతుంది. రుచి చూడదు. పెద్దల వంట ఎంగిలి కాకూడదు కదా.

కలుపుతూ ఏటా ఒకే కథ చెబుతుంది. మేం పెదాలు కదుపుతూ వెంట చెప్పగలం.

నానమ్మ కొత్త కోడలిగా లైనింట్లోకి వచ్చినప్పుడు అత్తగారు ఆవిడ వండిన ప్రతిదానికీ వంక పెట్టేదట. మొగుడు, అంటే మా తాత, మెచ్చుకోడూ తిట్టడూ, రబ్బరు చెట్టు పాలు కార్చినంత నిశ్శబ్దంగా తినేసి పోయేవాడట. మావగారి ఎదటికి కోడలు రాకూడదు, ఆయన కోడలితో మాట్లాడకూడదు. యుద్ధంలో జపానువాళ్ళు ఏలిన కాలంలో బియ్యం దొరక్క ఉబి తిని బతికాడనీ, అదే అలవాటైందనీ, పొద్దున్నే అదే పెట్టమనీ అత్తగారు చెప్పింది. నానమ్మ పళ్ళెం గడప దగ్గర పెట్టి తలుపు చాటుకి తప్పుకునేది. ఆయన పళ్ళెం తీసుకుని ఇంటి వెనక్కి వెళ్ళేవాడు. కాసేపటికి పళ్ళెం గడప దగ్గరికి తిరిగొచ్చేది. మెతుకు ఉండేది కాదు.

"ఆ ఇంట్లో నా సేతి వంటకి వంక ఎట్టనోడు ఆయనొక్కడే," అని కథ ముగిస్తుంది. అక్కడికి గరిటె మూకుడు అంచుకేసి రెండుసార్లు కొడుతుంది. అది ఆవిడ చప్పట్లు.

కిందటేడు పెద్దల అమావాస్యకి బటాంగ్ మామ్మ వచ్చింది. ఆవిడ మా తాత చెల్లెలు. బటాంగ్ బెర్జుంటైలో ఉంటుంది గనుక మాకు బటాంగ్ మామ్మ. గవర్నమెంటు ఆ ఊరి పేరు మార్చి చాలా కాలమైంది, మామ్మకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినదు. ఇన్నేళ్ళూ అదే రోజున అత్తవారి పెద్దలకి ఆకులు వేయాల్సి వచ్చి ఇటు రాలేకపోయింది. ఆ పని పెద్దకొడుకు నెత్తినేసుకోవడంతో, పెళ్ళయ్యాక మొదటిసారిగా పుట్టింటి ఆకులు చూడ్డానికి బస్సెక్కింది.

పొద్దు తిరగకముందే ఆకులు వేయాలి. ఆరోజు మబ్బు పట్టి పొద్దెక్కడుందో తెలీదు. నాన్న గోడ గడియారం దగ్గరికీ వీధి గుమ్మం దగ్గరికీ మధ్య రోడ్డు వేస్తున్నాడు. అమ్మ ఫ్యాను పెంచుతోంది, తగ్గిస్తోంది. అమ్మ తమిళుల ఇంటి పిల్ల. తెలుగు బాగానే అర్థమవుతుంది, పని చెప్పినప్పుడు మాత్రం అర్థం కాదు. నేను వంటింట్లోకి వెళ్ళి సార్డిన్ల వాసన పీల్చి, హాల్లోకి వచ్చి, మళ్ళీ వెళ్తున్నాను. నానమ్మ ముత్తాత ఆకులో ఉబి వడ్డించి, గరిటె కొట్టడానికి చెయ్యెత్తింది.

"ఓలొదినా! ఇదేటి, అయ్య ఆకులో ఉబి ఎట్టినావు?" అంది బటాంగ్ మామ్మ.

"మరేటెడతాను? ఆయనకిష్టం కదా."

"ఎవులకి? మా అయ్యకా?" మామ్మ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి గోడ పట్టుకుంది. "అయ్యకి ఉబి అంటే డోకు లా! జపానోడి కాలంలో తిన్నది ఏడు జన్మలకి సాలు అనీవోడు." ఆ 'లా' ఇక్కడి మలాయి తోక, మామ్మ మాటల చివర ఊరికే తగులుకుంటుంది.

"నీకేటి తెలుసు? అప్పటికి నువ్వు గౌనేసుకున్న గుంటవి. పళ్ళెం కడిగినట్టొచ్చీది."

ఇక్కడ మా నాన్న గడియారం వదిలేసి ముందుకొచ్చాడు. చెయ్యి గుండె మీద వేసుకున్నాడు. ఆ చెయ్యి అక్కడికి వెళ్ళిందంటే ఉపన్యాసం వస్తున్నట్టే.

"అత్తా, నాకర్థమైంది," అన్నాడు. "ఇష్టం లేకపోయినా తిన్నాడు. రోజూ తిన్నాడు. ఎందుకు? పరాయింటి నుంచి వచ్చిన ఆడపిల్ల మనసు నొచ్చుకోకూడదని! ఆనాటి మనుషులు..."

కళ్ళు తుడుచుకున్నాడు. సంఘం మీటింగు ఆ వారమే ఉంది. ఈ కన్నీళ్ళు అక్కడికి కూడా సరిపడా ఉన్నాయో లేవో చూసుకుంటున్నాడని నాకు అనుమానం. నానమ్మ ముఖంలో మాత్రం ఏదో వెలిగింది. నిజమే కదా, ఇష్టమై తినడం కన్నా ఇష్టం లేకుండా తినడం ఇంకా గొప్ప.

"ఏటి మనసురా?" అంది బటాంగ్ మామ్మ. "పందికెట్టీవోడు."

ఫ్యాను తిరుగుతోంది.

"లైను ఎనకాల కంచి లేదేటి? దానవతల ఒక సీనోడు పందుల్ని పెంచీవోడు. అయ్య పళ్ళెం అట్టుకెళ్ళి పందికి ఏసీవోడు. సీనోడు అయ్యకి ఒక సిన్న గళాసుడు సంసు పోసీవోడు. రోజూ నాను కూడా ఎల్లీదాన్ని, నాకు బిస్కోత్తు. పంది నాకితే పళ్ళెం కడిగినట్టే వస్తాది, రాదేటి?" అని చుట్టూ చూసింది. "ఏటలా సూస్తన్నారు? మీకందరికీ తెలుసనుకున్నా."

సీనోడంటే చీనావాడు, సంసు అంటే నాటు సారా. నాన్న చెయ్యి ఇంకా గుండె మీదే ఉంది, దించడం మరిచిపోయాడు.

"అత్తకి తెలుసా?" అని నానమ్మ అడిగింది.

"అమ్మకి తెలిస్తే సంసు ఆగిపోయీది కదా."

నానమ్మ ఏడవలేదు. పులుసు కింద గ్యాసు ఆపింది. గరిటె సింకులో పడేసింది. ముత్తాత ఆకు కొసని వేలితో కొంచెం అవతలికి తోసింది.

"తీసీండి. నానెట్టను," అంది.

"అమ్మా, పొద్దు తిరిగిపోద్ది..."

"మీ తాత కదా, నువ్వే ఎట్టుకో. ఏటి కావాలో అది ఎట్టు. పిజ్జా ఎట్టు."

ఆ తర్వాత మా ఇంట్లో జరిగింది నడక. నానమ్మ వంటింట్లోంచి గేటు దాకా వెళ్తుంది, అక్కడ రోడ్డు మీద ఏమీ లేదని నిర్ధారించుకుని వెనక్కొస్తుంది. వెనకాలే నాన్న, "అమ్మా, అమ్మా" అంటూ. నాన్న వెనక, ఎందుకో తెలీదు గానీ, నేను. అమ్మ ఫ్యానుని ఆఖరి నంబరు దాకా తిప్పింది, అరిటాకులు మూడూ లేచి చప్పుడు చేశాయి, తగ్గించింది. బటాంగ్ మామ్మ ఒక్కతే కూచుంది, నానమ్మ స్టూలు మీద, ఆకులో సార్డిన్ల వైపు చూస్తూ. బయట ఉరిమింది. పక్కింటివాళ్ళు ఆరేసిన బట్టలు తీసుకుంటున్నారు. మా కడుపుల్లో ఒకటే గోల.

మా ఇంట్లో ఏ ఏడుపైనా నా దగ్గరికి వస్తే నవ్వై తిరిగిపోతుంది. నాకున్న విద్య అదొక్కటే. సరేనని గేటు దగ్గర నానమ్మని పట్టుకున్నాను.

"నానమ్మా, నా టిఫిన్ డబ్బా కూడా ఆఫీసు నుంచి ఖాళీగానే వస్తుంది. మా ఆఫీసులో పందులు..."

"నోరు ముయ్యి, గుంటా."

ముయ్యక తప్పలేదు. అక్కడ దగ్గరగా చూస్తే ఆవిడ పెదవులు లోపల్లోపల కదులుతున్నాయి, ఏదో లెక్క కడుతున్నట్టు. ఎన్ని పొద్దులు వేళ్ళు కాల్చుకుందో, ఎన్ని నెత్తళ్ళ తలలు తుంచిందో. అత్తగారు ఉప్పెక్కువన్న రోజున, తాత మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయిన రోజున, ఆవిడ గడప దగ్గర ఆ ఖాళీ పళ్ళెం చూసుకుని లోపలికి తీసుకెళ్ళి ఉంటుంది. ఆవిడకంటూ ఆ ఇంట్లో ఎవరైనా ఒక మంచి మాట అన్నారంటే అన్నది ఆ పళ్ళెమే. ఇప్పుడు అది పంది అన్న మాటని తేలింది. దీనికి జోకు నా దగ్గర లేదు. ఉన్న ఒక్కటీ ఇందాకే వాడేశాను.

నానమ్మ గేటు వదిలి సరాసరి లోపలికి నడిచి, స్టూలు ముందు ఆగింది.

"ఆ పంది రోజూ తినీదా?"

బటాంగ్ మామ్మ సార్డిన్ల మీంచి కళ్ళు తిప్పింది. "ఏటొదినా?"

"రోజూ తినీదా అంటన్నాను."

"రోజూ."

"మిగిల్చీది కాదా? ఒక ముక్కయినా?"

"మిగల్సడమా! నీ పళ్ళెం సప్పుడైతే సాలు, కంచి మీద కాళ్ళెట్టి నిలబడిపోయీది. పక్కింటోల్లు ఉట్టి ఉడకబెట్టిన ఉబి ఏస్తే మూతితో తోసీసీది. పొగరు దానికి. మీ కోడలు ఇందులో ఏటి కలుపుతాదని ఆ సీనోడు అయ్యనడిగీవోడు."

"ఏటన్నాడు?"

"ఎవులు?"

"మావ. ఆ సీనోడు అడిగితే ఏటన్నాడు?"

అప్పుడు అందరం నిలబడిపోయాం. నాన్న గుమ్మంలో, అమ్మ ఫ్యాను స్విచ్చు దగ్గర, నేను ఫ్రిజ్జు పక్కన. పొద్దున్నుంచి ఆ ఇంట్లో కాళ్ళన్నీ ఒకేసారి ఆగింది అప్పుడే. బటాంగ్ మామ్మ పైకప్పు వైపు చూసింది. ఆవిడ అబద్ధం చెబుతుందేమోనని ఒక క్షణం ఆశపడ్డాను. చెబితే ఏం పోయింది, బాగుందన్నాడని.

"ఏటంటాడు?" అంది మామ్మ. "నోట్లో నెత్తళ్ళుంటే ఎలా మాటాడతాడు?"

"నెత్తళ్ళా?"

"నెత్తళ్ళన్నీ ముందే ఏరీసుకునీవోడు కదా, సంసులోకి నంజుకోడానికి. ఉబి పందికి, నెత్తళ్ళు ఆడికి. నాకో రెండియ్యయ్యా అంటే ఒక్కటియ్యలేదు, పిసినారోడు." ఆ కోపం ఇంకా తాజాగానే ఉంది. "ఏళ్ళు కూడా నాకీసుకునీవోడు."

"నెత్తళ్ళు తినీవోడా," అంది నానమ్మ.

"మిరపకాయ కూడా ఒగ్గీవోడు కాదు."

నానమ్మ కొంగు నడుముకి బిగించింది.

"ఓలే గుంటా, గ్యాసెలిగించు. నెత్తళ్ళ డబ్బా తీ. నువ్వు," అని నాన్న వైపు తిరిగి, "ఎల్లి సంసు అట్రా."

"అమ్మా, నేను సంఘం కార్యదర్శిని. పట్టపగలు నేను సారా సీసా..."

"మీ తాత కోసం ఎట్టొచ్చినాది ఏడుపు? ఆ ఏడుపుతోనే ఎల్లు."

చివరికి నేనే వెళ్ళాను. వీధి చివర చీనా ముసలాయన కొట్లో చిన్న సీసా అడిగితే ఆయన నన్ను ఒకసారి, గడియారాన్ని ఒకసారి చూశాడు. మా ముత్తాతకి అని చెప్పాను. పాపం, అర్థం చేసుకున్నట్టు తలాడించాడు. ఆయన కూడా పెద్దలకి పెడతాడు, వాళ్ళ రుచులూ ఇలాంటివే అయి ఉంటాయి. తిరిగొచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి.

ఇంట్లో ఆకు మారిపోయింది. ముత్తాత ఆకులో ఉబి లేదు. కొత్తగా వేయించిన నెత్తళ్ళు కుప్పగా, పక్కన ఒక గాజు గ్లాసు, నా సీసా కోసం ఎదురుచూస్తూ. మూడు ఆకుల చివర కొంచెం ఎడంగా ఇంకో చిన్న అరిటాకు ముక్క వేసి ఉంది. నానమ్మ దాన్లో ఉబి వడ్డిస్తోంది. నెత్తళ్ళు నిండుగా కలిపిన ఉబి.

"అదెవరికమ్మా?" అన్నాడు నాన్న.

"దానికి."

"దేనికి?"

"నా వంట మెచ్చినదానికి."

నాన్నకి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. "అమ్మా! పెద్దల్లో... పందిని కలుపుతావా? ఎవరైనా వింటే ఏమనుకుంటారు?"

"ఏం, అది మాత్రం సచ్చిపోలేదేటి ఇప్పటికి?"

నాన్న సంఘం నియమావళి గుర్తు తెచ్చుకుంటున్నట్టు కళ్ళు మూసుకున్నాడు.

"సీనోల కొత్త సంవత్సరానికి కోసీసినాడు లా," అంది బటాంగ్ మామ్మ. "మనింటికీ ఒక పొట్లం మాంసం పంపినాడు. ఆ రోజు అయ్య తిన్న తిండి ఇంతా అంతా కాదు."

అంటే నానమ్మ ఉబి ఆఖరికి ముత్తాత కడుపులోకే వెళ్ళింది, కాకపోతే కొంచెం చుట్టూ తిరిగి. ఈ సంగతి నేను పైకి అన్నాను. ఈసారి నోరు ముయ్యమనలేదు. గరిటె మూకుడు అంచుకేసి కొట్టింది, రెండుసార్లు.

ఆకులు వేసి, అగరొత్తులు వెలిగించి, అందరం బయటికొచ్చి తలుపు మూశాం. పెద్దలు తింటుంటే చూడకూడదు. వానజల్లు వసారాలోకి కొడుతోంది. గోడకి అతుక్కుని వరసగా నిలబడ్డాం. మూసిన తలుపు సందుల్లోంచి నెత్తళ్ళ వాసన వస్తోంది. పెద్దలు ఎప్పుడూ లేనంత నెమ్మదిగా తింటున్నారనిపించింది. సంసు ఉంది కాబట్టి మాటల్లో పడ్డారేమో. నాన్న ఒంటికాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాడు. అమ్మ తమిళంలో వానని ఏదో అంది. నానమ్మ తలుపు వైపు చూస్తూ గొణిగింది:

"ఉప్పు సరిపోనాదో లేదో."

"మావకా, పందికా?" అని మామ్మ అడిగింది.

"ఇద్దరికీని."

తలుపు తట్టి లోపలికెళ్ళాక, మా వడ్డన మొదలైంది. ఇక్కడో విషయం చెప్పాలి. ఏటా మా ఇంట్లో ఉబి ముక్క ప్రతి పళ్ళెంలోనూ పడుతుంది, ఏటా నాన్న దాన్ని అన్నం కింద దాస్తాడు. ఆరోజు నాన్న ముందు ఉబి తిన్నాడు. అమ్మ తింది. బటాంగ్ మామ్మ నెత్తళ్ళు ముందుగా ఏరుకుని తినేసి, రక్తం ఎక్కడికి పోతుంది, తర్వాత ఉబీ తింది. నేనూ తిన్నాను. ఉప్పు కొంచెం ఎక్కువే. ఎవరూ అనలేదు. తుడిచి, వేళ్ళు నాకి, పళ్ళేలు అద్దాల్లా చేసి పెట్టాం.

నానమ్మ గరిటె పట్టుకుని నిలబడి, ఒక్కో పళ్ళెం వంకా చూసింది. వానలో కొంగు నెత్తిన కప్పుకుని గేటు దాకా నడిచింది. మెడ బయటికి పెట్టి వీధికి ఆ కొస, ఈ కొస చూసింది. గోడ పక్కకి వంగి కాలవలోకి కూడా చూసింది.

పంది కాదు గదా, పిల్లి కూడా లేదు.

తడుస్తూ తిరిగొచ్చి, నాన్న పళ్ళెంలో ఇంకో గరిటెడు ఉబి వేసింది.